మందను పిలవని పూట

ఏడాదిపాటు ఉన్నది ఉన్నట్టే ఉండాలని ఢిల్లీ సర్కారూ నైజామూ కాగితం రాసుకున్న వారానికే, చివ్వెంల పక్కనున్న ఆ గొల్లల పల్లెకు రజాకార్ల కబురు వచ్చింది. రాళ్లు విసిరే వడిసెలలన్నీ అప్పగించాలి. ఇరవై గొర్రెలు ఇవ్వాలి. మగవాళ్లెవరూ ఊరు దాటకూడదు. ఒప్పుకుంటే ఊరి జోలికి రారట.

పెద్దగొల్ల దుర్గయ్య కొడుకు గట్టయ్య అప్పటికే బురుజు మీద రాళ్లు కుప్పపోసి ఉన్నాడు. దుర్గయ్య చూపు మాత్రం ఇంటివైపే ఉంది. కోడలు బక్కమ్మకు నెలలు నిండాయి. మునగాల పరగణా యూనియన్ ఇలాకా, రజాకార్ల పెత్తనం సాగని చోటు. బండి మీద ఒక పగటి దారి. ఆమెను అక్కడికి చేర్చాలి.

బడిపంతులు దానియేలు దగ్గరకు వెళ్లి అడిగాడు.

"ఢిల్లీది ఫిరంగులున్న సర్కారు గదా సారూ. వీళ్లతోని కాగితం రాసుకునుడేంది?"

"ఆ సర్కారు పుట్టి మూడు నెల్లు దాటింది మామా, గంతే. పంజాబుకెల్లి లక్షల మంది కట్టుబట్టల్తోని వస్తుండ్రు. ఫౌజేమో కాశ్మీరంల ఉన్నది. ఇప్పుడే ఈడ గూడ మొదలువెడితే రెండు దిక్కులా చెడుతది. ఏడాది దొరికితే బలం కూడదీసుకోవచ్చని సూస్తుండ్రు."

"ఏడాది వాళ్లకు దొరుకుతది. మనకు?"

దానియేలు పలక తుడిచి పక్కన పెట్టాడు.

"నాకు ఏడాది వద్దు సారూ, ఒక్క రోజు సాలు," అన్నాడు దుర్గయ్య లేస్తూ.

ఇంట్లో గట్టయ్య మండిపడ్డాడు. "వడిసెలలు ఇచ్చినంక గాజులేసుకోని కూసోవాల్నా నాయినా? ఇయ్యాల ఇరవై అడుగుతరు. రేపు?"

"రేపటికి నీ పెండ్లాం మునగాలల ఉంటది."

"మరి నేను?"

దుర్గయ్య బండి సిద్ధం చేయడానికి లేచాడు. గట్టయ్య భార్య వైపు చూశాడు. తర్వాత తానే ఇల్లిల్లూ తిరిగి వడిసెలలు పోగుచేసి తెచ్చాడు.

మర్నాడు పొద్దు పొడిచాక తుపాకులతో పదిహేను మంది వచ్చారు. దుర్గయ్య దొడ్డి తడిక తీసి, ముసలివీ గొడ్డుపోయినవీ ఏరి ఇరవై గొర్రెలను బయటికి తోలాడు. వాళ్ల నాయకుడు జమేదారు వాటిని చూసి నవ్వాడు. పెద్దగట్టు జాతరకు లింగమంతుల స్వామికి మొక్కి వదిలిన గంట పొట్టేలు వైపు వేలు చూపించాడు.

"అది కూడా."

"అది దేవుడిది దొరా."

"దేవుడొస్తే నాతో మాట్లాడమను."

పొట్టేలు మెడకు తాడు వేసి లాగారు. తడిక మూయాలన్న సంగతి దుర్గయ్యకు తట్టలేదు. ఆ పొట్టేలు ఎటు నడిస్తే అటే మంద నడుస్తుంది, దానికి అలా నేర్పింది తనే. రెండు వందల గొర్రెలూ దుమ్ము రేపుకుంటూ దాని వెనకాలే సాగిపోయాయి. రజాకార్లు పగలబడి నవ్వారు.

"నాయినా, కూత పెట్టు!" గట్టయ్య అరిచాడు. "నీ కూతకు మళ్లుతయి!"

మళ్లుతాయి. ఆ సంగతి దుర్గయ్యకు తెలుసు. మళ్లితే తుపాకులూ మళ్లుతాయి. అతను పెదవులు బిగబట్టి నిలుచున్నాడు. దుమ్ము అణిగాక, ఇంకా అక్కడే ఉన్న జమేదారు దగ్గరికి వెళ్లి, కోడల్ని కాన్పుకు పుట్టింట దింపి వస్తానని వంక పెట్టి, తలపాగా తీసి అడిగాడు. జమేదారు బండిలో కూర్చున్న బక్కమ్మ కడుపు చూశాడు. మొహం పక్కకు తిప్పుకుని, "పో ముసలోడా, జల్దీ పో," అన్నాడు.

మునగాలలో, ఊళ్లు వదిలి వచ్చినవాళ్ల శిబిరంలో మూడోనాడు బక్కమ్మకు మగపిల్లవాడు పుట్టాడు. మంత్రసాని సువార్తమ్మ తన కొంగు చింపి బిడ్డకు చుట్టింది.

ఐదోనాడు మధ్యాహ్నం కాలు ఈడ్చుకుంటూ దానియేలు వచ్చాడు. దుర్గయ్యను గుడారం చాటుకు పిలిచాడు. రజాకార్లు ఊరి మీదికి మళ్లీ వచ్చారని చెప్పాడు. ఈసారి ఏమీ అడగలేదు. ఊరు కాలిపోయింది. గట్టయ్యా, మరో పదిమందీ వడిసెలలు లేక చేతులతోనే రాళ్లు విసురుతూ బురుజు మీదే ప్రాణాలొదిలారు.

దుర్గయ్య తలపాగా విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"నేను చేసింది తప్పా సారూ?"

"నీ మనుమడు ఏడుస్తుండు, వినవడుతుందా మామా? ఇంతకన్న నాకేం తెల్వదు."

"ఢిల్లీల కాగితం రాసుకున్నోళ్ల ఇండ్లల్ల ఎవలన్న ఉన్నరా, ఈ ఏడాదిల సచ్చేటోళ్లు?"

ఇంతలో సువార్తమ్మ బయటికి వచ్చి, వాళ్ల మొహాలు చూసి ఆగిపోయింది. లోపలికి ఒకసారి తొంగిచూసి గొంతు తగ్గించింది.

"రెండు రోజుల సంది ఏం ముట్టలే, ఇప్పుడే అన్నం కలుపుకుంది. తిననీయండ్రి."

బక్కమ్మ తినడం అయ్యేదాకా ముగ్గురూ ఎండలోనే నిలబడ్డారు.