గన్‌మైకు బేరం

సౌండు మనిషి మైకుని నిలువుగా పట్టుకుని, గొట్టం పొడవునా ఉన్న చీలికల మీద గోరు నడిపించాడు. చీలికలు మూసుకుపోతే గన్‌మైకు పని అయిపోయినట్టే. ఎదురుగా ఉన్న మాటనీ పక్కనున్న గోలనీ కలిపి కలగాపులగం చేస్తుంది. తర్వాత వెనక్కి తిప్పి పిన్నులు చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా ఊపాడు. లోపల ఏదైనా ఊడితే గలగలమంటుంది. గలగలలు అతనికి ఇంకా వినబడుతున్నాయి.

వినబడనివి సన్నటి చప్పుళ్లు. కిందటేడు జలుబు చేసి వాసన కూడా తెలియని ఒక ఉదయం, వెలగని స్టవ్ నుంచి గ్యాసు సుయ్యిమని పోతుంటే పక్కనే కూర్చుని దర్జాగా పేపరు చదువుకున్నాడు. భార్య పరుగెత్తుకొచ్చి కట్టేసి, అతని మొహం చూసి సంగతి గ్రహించింది. చెవులతో బతికే మనిషికి చెవులు పోతున్నాయని బయటికి పొక్కితే ఇంకేముంది? అప్పటినుంచి ఏ సరుకు కొన్నా ఆమె వెంట వస్తోంది. హెడ్‌ఫోను ఆమె పెట్టుకుంటుంది, రొద వినబడితే అతని మోచెయ్యి గిల్లుతుంది. అడిగినవాళ్లకి మాత్రం "మా ఆవిడకి సరదా" అని చెబుతాడు.

పాత మైకు నీళ్లలో పడి చచ్చింది. రేపటినుంచి పెద్ద షూటింగు మొదలు. చేతిలో మైకు లేకపోతే ఇంకొకణ్ణి పిలుచుకుంటారు, ఈ వయసులో అతన్ని మళ్లీ పిలిచేవాళ్లు లేరు. అందుకే పాత సరుకు అమ్మే ఈ ఇరుకు కొట్టుకి వచ్చాడు. కొట్టాయన ఏ వస్తువుకీ గ్యారంటీ ఇవ్వడు కాబట్టి అందరూ ఆయన్ని గ్యారంటీ అనే పిలుస్తారు.

చేతిలో ఉన్న మొదటి మైకుని పక్కకి నెట్టేశాడు. "ఇది డూప్లికేటు. చేతిలో బరువే లేదు. కంపెనీ పేరు అక్షరాలు కూడా చెక్కినవి కావు."

"అమ్మినవాడు ఒట్టేసి చెప్పాడండీ," అన్నాడు గ్యారంటీ, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

రెండోదానికి వంక పెట్టడానికి లేదు. రికార్డరుకి తగిలించి, భార్యకి హెడ్‌ఫోను ఇచ్చి స్టూలు మీద కూర్చోబెట్టి, మైకుని ఆమె వైపు తిప్పాడు. ఎప్పుడూ చేసేదే. ముందు మాట, తర్వాత మౌనం.

"ఏదో ఒకటి మాట్లాడు."

"ఏం మాట్లాడను? ఇంట్లో మాట్లాడితేనే వినరు."

ముగ్గురూ నవ్వారు. ఆమె నోరు మూసుకుని కాసేపు విని, మోచెయ్యి గిల్లింది. మూడోది తగిలించాడు. మళ్లీ గిల్లింది. ఊళ్లో ఇంకో కొట్టు లేదు.

"రెండింట్లోనూ రొద ఉంది, వద్దులే," అన్నాడు.

గ్యారంటీకి పౌరుషం వచ్చింది. "ఏదీ, ఇలా ఇవ్వండి!" అన్నాడు. ఆమె హెడ్‌ఫోను తీస్తుంటే మడతలో జుట్టు చిక్కుకుని "అబ్బా" అంది. ఆయన దాన్ని పెట్టుకుని మైకుని గోడవైపు తిప్పాడు. "నిక్షేపంలా ఉంది." ఆమెవైపు తిప్పాడు. మళ్లీ గోడకి, మళ్లీ ఆమెకి. ఆయన మొహంలో పౌరుషం పోయింది.

"అమ్మా, రొద మైకుది కాదు. మీ ఊపిరిది. పిల్లికూతలు కూస్తోంది. డాక్టరుకి చూపించుకోండి."

రెండో మైకునే కొని బయటపడ్డారు. వీధిలోకి రాగానే అతను ఆగి ఆమెవైపు తిరిగాడు.

"ఎప్పట్నుంచి?"

"వానలు మొదలైనప్పట్నుంచి. మెట్లెక్కితే ఆయాసం. అది మైకులో అలా వినబడుతుందని నాకేం తెలుసు, అంతా మైకు జబ్బేననుకున్నాను."

"నాకు చెప్పొద్దూ?"

"చెబితే పనులన్నీ మానుకుని నా చుట్టూ తిరుగుతారు. ఎలాగూ మీకు వినబడదు కదా, గొడవ లేదనుకున్నాను."

అంత మామూలుగా అంది. ఆ మాటకి అతనికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల గొంతులన్నీ పట్టుకుని తిరిగాడు, పక్కనే పడుకున్న మనిషి ఊపిరి పట్టుకోలేకపోయాడు.

ఇప్పుడే ఆస్పత్రికి పోదామన్నాడు. బట్టలు మార్చుకుని వస్తానంది. ఇంటి మెట్లు రెండుసార్లు ఆగి ఎక్కింది. పైకెళ్లి కుర్చీలో కూలబడి, "బండి పిలుచుకు రండి, ఈలోగా లేస్తాను," అంది.

అతను బండితో వచ్చేసరికి ఆమె అలాగే ఉంది. తల గోడకి ఆనించి, కళ్లు మూసుకుని. పిలిచాడు. చెయ్యి పట్టుకున్నాడు, వెచ్చగానే ఉంది. ముక్కు దగ్గర వేళ్లు పెడితే, ఆ వేళ్లే వణుకుతూ ఏమీ తెలియనివ్వలేదు. కొత్త మైకుని సంచిలోంచి లాగి, రికార్డరుకి తగిలించి, ఆమెవైపు తిప్పి, హెడ్‌ఫోను పెట్టుకుని, శబ్దం మొత్తం పెంచాడు. ఏమీ లేదు. ఏమీ వినబడకపోయేసరికి అతనికి ఆశ పుట్టింది. పాడు చెవులు, ఇవెప్పుడు విన్నాయి గనక!

పరుగున వెళ్లి పక్కింటావిణ్ణి పిలుచుకొచ్చాడు. "కొంచెం వినమ్మా. సన్నగా ఉంటుంది. నాకు వినబడదు," అన్నాడు. ఆ మాట బయటివాళ్లతో అనడం అదే మొదటిసారి.

ఆవిడ హెడ్‌ఫోను పెట్టుకుని విన్నది. అతని మొహంలోకి చూడలేక ఇంకాసేపు వింటున్నట్టే నిలబడింది. తర్వాత మెల్లిగా తీసి, మైకు పక్కన బల్లమీద పెట్టి, అతని భుజం పట్టుకుంది.

హెడ్‌ఫోను మడతలో నెరిసిన వెంట్రుక ఒకటి ఇరుక్కుని ఉంది.