గేర్‌బాక్సు దింపేముందు

ఏలూరులో మెకానిక్ ఏసోబు షెడ్డు ముందు నిర్మల కారు చలిజ్వరం వచ్చిన మనిషిలా వణుకుతోంది. 2005 నాటికే దానికి పాతికేళ్లు. ఎవరో పై దేశం నుంచి తెచ్చుకుని, మోజు తీరాక అమ్మేసిన ఆటోమేటిక్ బండి. క్లచ్ తొక్కే పని లేదు. పోలియోతో ఎడమకాలు చచ్చుబడిన నిర్మలకి అంతకంటే ఏం కావాలి? కొల్లేటి గట్టు మీది బడికి ఎవర్నీ బతిమాలకుండా వెళ్లి పాఠాలు చెప్పి వచ్చేది. వానాకాలంలో ఆటోవాళ్లు మొహం చాటేసే దారి అది.

ఆ సుఖం కాస్తా ఈమధ్య మంటగలిసింది. బండి ఆగి ఉంటే ఇంజను గజగజలాడుతోంది. కదిలాక గేరు మారినప్పుడల్లా వెనకనుంచి ఎవరో గుద్దినట్టు ధడేలుమంటోంది.

"గేర్‌బాక్సు దింపాలండి, టీచరుగారూ," అన్నాడు ఏసోబు. "విప్పడం వరకూ నా పూచీ. సామాను దొరక్కపోతే మటుకు మళ్లీ బిగించలేనండి."

"దింపేయండి," అన్నాడు ఆమె భర్త ఆనంద్ పాల్. "బాగవకపోతే తుక్కు కింద అమ్మేద్దాం. రోజూ బడికి నేను తీసుకెళ్తానుగా."

గణపవరం దగ్గర చేపల చెరువులు చేసే మనిషి. పొద్దున్నే మేత చల్లించాలి, సాయంత్రం లారీకి సరుకెత్తించాలి. ఆయన తీసుకెళ్లే ముచ్చట నాలుగు రోజులే. ఆ తర్వాత సెలవులు, ఆ తర్వాత ఉద్యోగానికి నీళ్లొదలడమే. అది నిర్మలకి తెలుసు.

ఏసోబు జాకీ తోశాడు.

"ఒక్క నిమిషం ఆగండి, ఏసోబుగారూ. వణుకూ కుదుపూ ఒక్కసారే మొదలయ్యాయండి. రెంటికీ ఒకేసారి రోగం ఎందుకొస్తుందండి? రెంటినీ కలిపేది ఏమన్నా ఉందేమో చూడండి."

"నీకేం తెలుసని? ఆయన్ని పని చేసుకోనీ," అని కసిరాడు ఆనంద్ పాల్. మామూలుగా కసిరే మనిషి కాదు.

ఏసోబు జాకీ వదిలి నిలబడ్డాడు. "ఒక గొట్టం ఉంటుందండి. ఇంజను గాలి పీలుస్తుంది కదండీ, ఆ పీల్పు గేర్‌బాక్సుకి అందాలి. అందకపోతే బండి ఎప్పుడూ బరువు లాగుతోందనుకుని గేరు మోటుగా వేస్తుందండి. ఆ గొట్టం చీలితే ఇంజన్లోకి దొంగగాలి దూరి వణుకు కూడా పుడుతుందండి."

ఇంజను వెనక్కి చెయ్యి దూర్చి, ఏదో ఊడబీకి, ఇంజను వైపు కంతని బొటనవేలితో మూశాడు. వణుకు ఆగిపోయింది.

బయటికొచ్చిన గొట్టం చూసి ఏసోబు నోరు వెళ్లబెట్టాడు. వేడికి మెత్తబడి, అతుకు దగ్గర చీలిన ప్లాస్టిక్ గొట్టం. నిర్మలకి చూడగానే తెలిసిపోయింది. చేపపిల్లల సంచుల్లో ఆక్సిజన్ పట్టే గొట్టం అది. దానికి కట్టిన సైకిల్ ట్యూబు పీలిక ముడి కూడా తనింటి ముడే.

"అసలుది ఎలక కొరికేసింది," అన్నాడు ఆనంద్ పాల్ నేల చూస్తూ. "చేతికి అందింది కట్టాను. బాగు చేద్దామనే."

"మరి జాకీ తెచ్చినప్పుడైనా చెప్పలేదేమండి?" అంది నిర్మల.

"మొన్న వానకి ఆ గట్టు మీంచి ఆటో నీళ్లలో పడింది. నువ్వు ఇంటికొచ్చేదాకా నాకు ముద్ద దిగట్లేదు నిర్మలా. బండి మూలపడితే నీ అంతట నువ్వే మానేస్తావనుకున్నాను."

అబద్ధమైతే బాగుండేదనుకుంది నిర్మల. తిట్టి ఊరుకునేది. అది నిజమైన ప్రేమే, అందుకే ఒళ్లు మండింది.

ఏసోబు మంచి రబ్బరు గొట్టం బిగించాడు. నిర్మల బండెక్కి తాళం తిప్పింది. ఇంజను కుదురుగా పలికింది. ఆనంద్ పాల్ వచ్చి పక్క తలుపు పట్టుకున్నాడు. ఆమె గడియ తియ్యలేదు, అద్దం మాత్రం దించింది.

"మీ భయం నాకు అర్థమైందండి. ఒక కాలు పోలియో తీసుకుపోయింది. రెండోది మీరు తియ్యబోయారు. అది మీకు అర్థమయ్యేదాకా నా పక్కన కూర్చోకండి. ఈపూటకి బస్సులో రండి."

ఆనంద్ పాల్ తలుపు మీది చెయ్యి తీసేశాడు. బండి మెత్తగా కదిలి కొల్లేటి దారి పట్టింది.