ఆర్లో పిట్‌మన్ ఓటు

మా మూడో వార్డులో కౌన్సిల్ ఎన్నిక సమానంగా తేలిందన్న కబురు బుధవారం పొద్దున్నే ఊరంతా పాకింది. లైల్ హెన్షాకి ఎన్ని ఓట్లు వచ్చాయో మిరియమ్ డ్యూగన్‌కీ అన్నే. తెరవని కవరు ఒక్కటి మిగిలింది. అందులోని ఓటు ఎవరిదో, ఎవరికి పడిందో వార్డులో తెలియనివాళ్ళు లేరు. ఆర్లో పిట్‌మన్ పోలింగు జరిగిన బడి మెట్ల మీద నిలబడి, "లైల్‌కే వేశాను, లెక్కపెడితే" అని అందరికీ వినబడేలా చెప్పి మరీ వెళ్ళాడు.

ఆర్లోకి ఎనభై నాలుగేళ్ళు. లైల్ వాళ్ళ నాన్నకి పాత స్నేహితుడు. ఉక్కు మిల్లు మూతపడేదాకా అందులోనే పనిచేశాడు. కళ్ళ ఆపరేషన్ అయ్యాక కారు నడపడం మానేశాడు. లైసెన్సుకి వేసవిలోనే గడువు తీరిపోయిన సంగతి ఆయన చూసుకోలేదు. పోలింగు బల్ల దగ్గర కూర్చున్న వెర్నా ఆయన పక్కింట్లో పుట్టి పెరిగిన మనిషి. ఆమే ఆ కార్డు తిప్పి చూసి, "ఇది చెల్లదండీ" అని నెమ్మదిగా చెప్పింది. ఓటు వెయ్యనిచ్చారు గానీ దాన్ని కవరులో పెట్టి విడిగా ఉంచారు. శనివారం మధ్యాహ్నం లోపల ఆయన చెల్లే ఫోటో కార్డు తీసుకెళ్ళి ఎన్నికల ఆఫీసులో చూపిస్తే ఆ ఓటు లెక్కలోకి వస్తుంది. లేకపోతే ఆ కవరు ఎప్పటికీ తెరవరు.

ఒహాయోలో ఆ రూలు రావాలని పట్టుబట్టినవాళ్ళలో లైల్ ఒకడు. బిల్లు మీద చర్చ జరిగినప్పుడు సొంత ఖర్చుతో రాష్ట్ర రాజధాని కొలంబస్ వెళ్ళి శాసనసభ కమిటీ ముందు మాట్లాడి వచ్చాడు.

లైల్ ఇళ్ళను వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేస్తాడు. యాభై దాటినా ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషి. ఎండాకాలం నుంచీ మా వార్డులో అతను తట్టని తలుపు లేదు. కౌన్సిల్ వాళ్ళు ఊరి పన్ను పెంచి, బజారు మధ్యలో ఫౌంటెనూ పార్కూ కట్టాలని చూస్తున్నారు. తాతల కాలం నాటి నీటి పైపులు మార్చాకే మిగతావన్నీ అని లైల్ వాదన. దానికి ఎదురు చెప్పినవాళ్ళ మీద అతనికి పెద్దగా కోపం ఉండేది కాదు. కోపమంతా తన సొంత పార్టీ వాళ్ళ మీదే. టీవీలో వాషింగ్టన్ వార్తలు చూసి ఊగిపోయే మనిషి, "ఊరి ఎన్నిక ఈ ఏడాదే ఉందా?" అని అడిగితే అతనికి ఒళ్ళు మండిపోయేది.

"నీ వీధిలో పైపు పగిలితే అధ్యక్షుడొచ్చి మూస్తాడా?" అని ఒకాయనతో వాకిట్లోనే గొడవపడ్డాడు. "నీ జేబులోంచి తీసేవాడు ఇక్కడే, నువ్వు రోజూ చూసే మనిషే. వాణ్ణి ఎన్నుకోడానికి మాత్రం నీకు తీరిక లేదు."

ఆ ఒకాయన కూడా చివరికి ఓటు వెయ్యలేదని తర్వాత తెలిసింది.

బుధవారం పొద్దున్న లైల్ కాఫీ కప్పు సగంలో వదిలేసి ఆర్లో ఇంటికి వెళ్ళాడు. ఆర్లో పొయ్యి దగ్గర నిలబడి గుడ్లు వేపుకుంటున్నాడు.

"కోటు వేసుకో బాబాయ్. లైసెన్సుల ఆఫీసుకి వెళ్దాం. ఐడీ కార్డు ఊరికే ఇస్తారు. అది చూపించి వచ్చేద్దాం."

"కూర్చో. గుడ్డు తింటావా?"

"తిన్నాను. నీ బర్త్ సర్టిఫికెట్ ఎక్కడుంది? నేను తీస్తాను."

"నేను రావడం లేదురా."

లైల్ బీరువా వైపు నడుస్తున్నవాడల్లా ఆగాడు.

"వెర్నా పసిపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ పనిలోకి పోతే మా ఆవిడే పెంచింది," అన్నాడు ఆర్లో. "ఆ పిల్ల నా మొహం చూస్తూ, నేనెవరో రుజువు చూపించమంది. వెనకాల లైనులో ఉన్నవాళ్ళంతా వింటున్నారు."

"ఆమె తప్పేం లేదు బాబాయ్. రూలు అలా ఉంది."

"రూలు ఎవరు తెచ్చారు?"

లైల్ కిటికీ వైపు చూశాడు.

"నువ్వు కొలంబస్‌లో మైకు ముందు నిలబడ్డ ఫోటో పేపర్లో పడితే, ఆ పేపరు పట్టుకెళ్ళి మీ నాన్న సమాధి దగ్గర చదివి వినిపించాను. అది నా మీదికే వస్తుందని అప్పుడు తెలీదు."

"అది నీలాంటి వాళ్ళ కోసం కాదు బాబాయ్. దొంగ ఓట్లు వేసేవాళ్ళ కోసం."

"మరి నన్నే ఎందుకు పట్టుకుంది?" ఆర్లో పెనం దించాడు. "బుద్ధి తెలిసినప్పట్నుంచీ మీ పార్టీకే వేస్తున్నా. సర్కారోడు నా గుమ్మంలోకొచ్చి కాగితాలు అడక్కూడదని వేశా. తుపాకీకి కాగితం అంటే వద్దన్నాం. పెరట్లో షెడ్డుకి కాగితం అంటే వద్దన్నాం. ఓటు దగ్గరకొచ్చేసరికి మనమే అడుగుతున్నాం."

"షెడ్డు నీ ఒక్కడిది. ఓటు అందరికీ సంబంధించింది. దొంగ ఓటు ఒకటి పడితే నిజమైన ఓటు ఒకటి కొట్టుకుపోతుంది."

"ఇప్పుడు కొట్టుకుపోయేది ఎవరిది?"

లైల్ దగ్గర జవాబు ఉంది. కార్డు తెచ్చుకుంటే ఏదీ కొట్టుకుపోదు. కానీ ఆ మాట పెద్దాయన ముందు అనలేకపోయాడు. గుడ్డు తినకుండానే వచ్చేశాడు.

గురువారం పనిలో ఉండగా పార్టీ లాయరు ఫోన్ చేశాడు. అతని పేరు ట్రెంట్. కొలంబస్‌లో ఉంటాడు.

"ఆ పెద్దాయన ఎవరో పోలింగు బల్ల దగ్గరున్నామెకి తెలుసు కదా. ఆమె చేతా ఇంకో నలుగురి చేతా ప్రమాణ పత్రాలు రాయిద్దాం. కోర్టుకెళ్దాం."

"రూలు ప్రకారం అది చెల్లుతుందా?"

"చెల్లకపోవచ్చు. ప్రయత్నించడంలో తప్పేముంది?"

"మిరియమ్ గారి తరపు వాళ్ళు ఇదే పని చేస్తే మీరేం చేస్తారు?"

"అడ్డుకుంటాం. అది వేరే సంగతి."

"ఎలా వేరు?"

ట్రెంట్ ఆ మాట దాటవేశాడు. "మీరు గెలవాలనుకుంటున్నారా లేదా, లైల్?"

"అనుకుంటున్నాను. కోర్టు వద్దు," అని లైల్ ఫోన్ పెట్టేశాడు. పెట్టేసిన దగ్గర్నుంచీ ఆ పని మీద మనసు నిలవలేదు. బిగించిన మరను విప్పి మళ్ళీ బిగించాడు. ఇంటికి వెళ్తూ దారి మార్చి ఆర్లో వీధిలోంచి వెళ్ళాడు, కానీ ఆగలేదు.

భోజనం దగ్గర భార్య కొరీన్ అడిగింది. "ఆయన్ని రమ్మంటోంది నువ్వు గెలవడానికా, ఆయన ఓటు లెక్కలోకి రావడానికా?"

"రెండూ ఒకటేగా."

"నీకు ఒకటే. ఆయనకి కాదు. ఆ బల్ల దగ్గర అవమానం జరిగింది ఆయనకి. నీకు కాదు. దాని గురించి ఒక్క మాటన్నావా?"

"నేను చేసిన తప్పేమిటి కొరీన్?"

"తప్పు చేశావనలేదు. తిను, చల్లారిపోతోంది."

అతను రెండు ముద్దలు తిని లేచాడు. హాల్లోకి వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, గరాజు తలుపు తెరిచి చూసి మూశాడు. వచ్చి కూర్చోమని కొరీన్ రెండుసార్లు పిలిచి ఊరుకుంది.

శుక్రవారం అతను మెథడిస్టు చర్చి కింద గదిలో ఫర్నేసు విప్పి పెట్టుకుని ఉండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మిరియమ్ డ్యూగన్. ఆ ఇరుకు మెట్ల పక్క కమ్మీ పట్టుకుని జాగ్రత్తగా దిగింది. ఆవిడ బడిలో లైబ్రరీ చూసుకునేది. లైల్ చిన్నప్పుడు ఆవిడ దగ్గరే పుస్తకాలు తీసుకున్నాడు.

"మీరెందుకు దిగారండీ, పిలిస్తే నేనే పైకి వచ్చేవాణ్ణి."

"పైన చెవులెక్కువ," అంది ఆవిడ, ఒక పెట్టె మీద కూర్చుంటూ. "ఆర్లో గురించి వచ్చాను. ఇద్దరం కలిసి ఎన్నికల బోర్డు ముందుకెళ్దాం. ఆ కవరు తెరవమని ఇద్దరం అడుగుదాం. ఒప్పుకుంటారో లేదో తెలీదు. కానీ రెండు పక్కలా అడిగితే కాదనడం కష్టం."

లైల్ చేతిలోని పానా కింద పెట్టాడు. "అది తెరిస్తే మీరు ఓడిపోతారు."

"లెక్క నాకూ వచ్చు."

"మరి?"

"వయసు మీరిన మనిషి ఓటు చెత్తలో వేసి నేను గెలిచానంటే నాకు నచ్చదు. ఆ రూలు తప్పని నేను మొదట్నుంచీ అంటున్నాను. ఇప్పుడు నాకు కలిసొచ్చిందని మాట మార్చలేను."

ఆ క్షణంలో ఔననాలని లైల్‌కి ఎంత అనిపించిందో తర్వాత కొరీన్‌కి చెప్పాడు. సీటు చేతికి వస్తుంది. ఆర్లో పరువు నిలుస్తుంది. ఎదుటి మనిషే పిలిచి ఇస్తోంది, ఎవరూ వేలెత్తి చూపరు.

"నాకు కలిసిరాలేదని నేను మాత్రం మాట ఎలా మారుస్తానండీ?" అన్నాడు చివరికి. "ఆర్లో బాబాయ్ మనిద్దరికీ తెలుసు కాబట్టి మీరు ఇంతదూరం వచ్చారు. అవతలి వార్డుల్లోనూ కార్డు లేక కవర్లో పడ్డ ఓట్లున్నాయి. అక్కడ ఫలితం ఎటూ మారదు, అందుకని వాళ్ళ కోసం ఎవరూ మెట్లు దిగరు. తెలిసినవాడికి ఒక రూలు, తెలియనివాడికి ఇంకోటా?"

"అందుకే రూలే మార్చమంటున్నాను."

"కొలంబస్ వెళ్ళి మార్చండి. నేను అలాగే వెళ్ళాను. మీరు మార్పిస్తే నోరు మూసుకుని దాని ప్రకారం నడుస్తాను."

మిరియమ్ తల ఊపింది. కోపమొచ్చినట్టు లేదు. "చిన్నప్పుడూ ఇంతే నువ్వు. పుస్తకం ఆలస్యంగా తెచ్చినప్పుడు, పోనీలే అన్నా వినకుండా జరిమానా బల్ల మీద పెట్టి పోయేవాడివి." లేచి రెండు మెట్లెక్కి ఆగింది. "అప్పుడు ముద్దుగా ఉండేది."

శనివారం పొద్దున్నే లైల్ ఆర్లో ఇంటి ముందు ట్రక్కు ఆపి, ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆర్లో కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు. లైల్ చెయ్యి చాచి పక్క తలుపు తెరిచి పెట్టాడు. పెద్దాయన మెల్లగా దారెంట నడిచి వచ్చి, గడ్డిలో పడున్న పేపరు వంగి తీసుకుని, అంతే మెల్లగా వెనక్కి వెళ్ళి వరండాలో కుర్చీలో కూర్చున్నాడు.

లైల్ ఇంజను ఆపేసి దిగాడు. వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"నిన్ను ఆ బల్ల దగ్గర అలా నిలబెట్టింది నేనే బాబాయ్. అందరి ముందూ. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. కానీ ఆ రూలు తప్పని మాత్రం అనలేను."

ఆర్లో పేపరు మడిచాడు. "ఆ రెండో ముక్క లేకుండా చెప్పలేవా?"

"చెప్పలేను."

"నేనూ రాలేను మరి."

వెర్నా కుక్కను తీసుకుని వాళ్ళ ముందు నుంచే వెళ్ళింది. చెయ్యి ఊపాలా వద్దా అని తడబడి, తల దించుకుని పోయింది. లైల్ రెండుసార్లు లేచి ట్రక్కు దాకా వెళ్ళి వచ్చాడు. మధ్యాహ్నం చర్చి గంటలు మోగాయి. ఆర్లో లోపలికి వెళ్ళి రెండు కప్పుల కాఫీ తెచ్చాడు. లైల్ తాగాడు.

సమానంగా వస్తే నాణెం ఎగరేసి తేల్చాలని మా రాష్ట్ర చట్టం. నాణెం ఎగరేసే రోజున ఎన్నికల ఆఫీసు నిండిపోయింది. బోర్డు అధ్యక్షుడు నాణెం అందరికీ రెండు వైపులా తిప్పి చూపించాడు. లైల్ బొరుసు అన్నాడు. నాణెం కార్పెట్ మీద పడి దొర్లకుండా ఆగిపోయింది. బొమ్మ. మిరియమ్ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏదో అంది. అతను తల ఊపాడు గానీ ఏమన్నదో వినలేదు.

ఊళ్ళో మావాళ్ళు అతన్ని చాలానే అన్నారు. మిరియమ్ వచ్చి అడిగిన సంగతి ఎలాగో పొక్కింది. చేతికొచ్చిన సీటును తన్నేశాడన్నారు. కొందరు మెచ్చుకున్నారు కూడా. మెచ్చుకున్నవాళ్ళలో ఓటు వెయ్యనివాళ్ళు ఉండడం చూసి అతనికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. జనవరిలో కొత్త కౌన్సిల్ ఒక్క ఓటు తేడాతో పన్ను పెంపుకి ఒప్పుకుంది. లైల్ ప్రజల వరసలో నిలబడి, తనకిచ్చిన కొద్ది నిమిషాలూ పైపుల గురించే మాట్లాడాడు.

ఆ వారమే గడ్డ కట్టే చలిలో ఆర్లో ఇంట్లో ఫర్నేసు ఆగిపోయింది. ఆయన ఫోన్ చేసి, "వస్తావా?" అని మాత్రం అడిగాడు. లైల్ కింద గదిలో పని ముగించి పైకొచ్చేసరికి వంటింటి బల్ల మీద కొత్త ఐడీ కార్డు ఉంది. ఆర్లో బొమ్మ అందులో ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంది.

"ఎప్పుడు తీసుకున్నావు?"

"క్రిస్మస్ ముందు. బస్సులో వెళ్ళాను."

"నన్ను పిలవాల్సింది."

"నిన్ను పిలిస్తే నీ కోసం వెళ్ళినట్టుంటుంది." ఆర్లో కార్డు తీసి పర్సులో పెట్టుకున్నాడు. "మే నెలలో మన పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఉంది. రాష్ట్ర శాసనసభకి నిలబడే ఇద్దర్లో ఆ రూలు గురించి ఎవడేమంటాడో విని వేస్తాను. నువ్వు చెప్పినవాడికి మాత్రం వెయ్యను."

"సరే బాబాయ్."

"సరే అనకు. వాదించు. ఎప్పుడూ వాదించేవాడివి."

లైల్ టోపీ పెట్టుకుని ట్రక్కులోకొచ్చి కూర్చున్నాడు. అద్దం మీద మంచు కరిగేదాకా ఆగాలి. ఆ శనివారం వరండాలో ఆ రెండో ముక్క మింగేసి ఉంటే ఏమయ్యేదని మళ్ళీ మొదలైంది లోపల. మింగకపోవడం నిజాయితీయా, మొండితనమా అన్నది ఇన్నాళ్ళయినా తేలలేదు. అద్దం పూర్తిగా తేటపడకముందే గేరు వేసి, వంగి, కనబడ్డ కొద్ది సందులోంచి చూసుకుంటూ రోడ్డెక్కాడు.