గుండు హెల్మెట్

మా అత్త అప్పలకొండమ్మకి చెవుడు లేదు. ఉన్నదల్లా తొందరే. సగం మాట వింటుంది, మిగతా సగం తనే అల్లేసుకుని పోట్లాటకి బయల్దేరుతుంది. ఆ తొందరకి నేనిప్పుడు రోజూ మనసులో దండం పెట్టుకుంటున్నాను.

బెంగాలీల ఊరు బడ్జ్ బడ్జ్‌లో, జూట్ మిల్లు వెనక వీధి మాది. మిల్లుకి కాస్త అవతల ఒక పెద్ద గోదాము ఉంది. దాని సెక్యూరిటీ దళంలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. పోయిన చలికాలంలో మాకు కొత్త హెల్మెట్లు ఇప్పిస్తామన్నారు. మా పై అధికారి సంజయ్‌దా నమూనాలు బల్ల మీద పెట్టి, ఎవరికి ఏది కావాలో చెప్పమన్నాడు. తుపాకి గుండుని ఆపే బరువైనది ఒకటి. చెవుల దగ్గర కోసేసిన తేలికపాటిది ఒకటి. మొహానికి అద్దం, మెడకి అడ్డు ఉన్నది ఇంకొకటి. మగాళ్ళంతా బరువైనదానికే ఎగబడ్డారు. అది పెట్టుకుంటే కమాండోల్లా ఉంటారట! నేనేం తక్కువ తిన్నానా? నాకూ అదే అన్నాను.

సాయంత్రం ఇంట్లో గొప్పగా చెప్పబోయాను. "బుల్లెట్" అంటే మా అత్తకి మోటారు సైకిలే. అందుకని తెలుగులో చెప్పాను.

"అత్తా, నాకు గుండు హెల్మెట్ ఇస్తన్నారు."

పొయ్యి మీద చేపల పులుసు అలాగే వదిలేసి వచ్చింది.

"గుండా? ఏటే రమా, గుండా? నెత్తికి టోపీ ఎట్టడానికి గుండు కొట్టించీమన్నాడేటి ఆడు?"

"కాదత్తా, గుండంటే..."

"నోరు ముయ్యి! ఈ జుత్తుకి నూనె రాసి రాసి నా సేతులరిగిపోనాయి!"

నిజమే. నా జుట్టు నడుం దాటుతుంది. పొద్దున్నే దానికి నూనె రాసి, దువ్వి, కొప్పు చుట్టేది అత్తే. ఆవిడ మొహం చూస్తే నాకు నవ్వాగలేదు. నవ్వులో పడి అసలు సంగతి చెప్పనేలేదు.

మర్నాడు గోదాము గేటు దగ్గర ఒకటే గోల. చూస్తే మా అత్త.

"న్యాడా కోర్బే నా! నా కోడలికి న్యాడా కోర్బే నా!"

న్యాడా అంటే బెంగాలీలో గుండు, కోర్బే నా అంటే చెయ్యొద్దు. సంజయ్‌దా తెల్లబోయాడు. నేను సిగ్గుతో చచ్చిపోతూ సంగతి చెప్పాను. ఆయన నవ్వేసి, పిన్నిని పిలిచినట్టు "మాసీమా, జుట్టుతోనే పెట్టుకోవచ్చు, మీరే చూడండి" అని బెంగాలీలో నచ్చజెప్పి, ఆ బరువైన హెల్మెట్ తెచ్చి అందరి ముందూ నా తలకి పెట్టాడు.

అది కొప్పు మీదెక్కి కూర్చుంది. గడ్డం కింద పట్టీ బిగించి తల ఊపమన్నాడు. ఊపాను. హెల్మెట్ జారి నా కళ్ళు మూసేసింది.

"ఓలమ్మో! డేకిసా బోర్లించినట్టుందే!" అంది అత్త.

అందరూ పకపకా నవ్వారు. సంజయ్‌దా మాత్రం నవ్వలేదు. మళ్ళీ ఊపమన్నాడు. మళ్ళీ జారింది.

"అసలిక్కడ తుపాకులెవడు పేలుస్తాడు?" అన్నాడు. "ఈ గేటు మీదికొచ్చేవి ఇటుకలు, సీసాలు. మనకి కావలసింది మొహానికి అడ్డు. అదీ తలని వదలకుండా పట్టుకునుండాలి."

కమాండో కలలన్నీ బల్ల మీదికి తిరిగెళ్ళిపోయాయి. అందరికీ అద్దం ఉన్నవే రాయించాడు. అత్త అక్కడే గేటు పక్క నన్ను కూర్చోబెట్టి, కొప్పు విప్పి, పలచగా రెండు జడలల్లి మెడ మీద అణిచి పిన్నులు పెట్టింది. సంజయ్‌దా అద్దం హెల్మెట్ పెట్టి వెనకనున్న మర తిప్పి బిగించాడు. ఈసారి కనుబొమల దాకా దిగింది. తల ఊపితే తలతోపాటే కదిలింది.

ఎండాకాలంలో గేటు ముందు లారీల వాళ్ళు రెండు జట్లుగా కొట్టుకున్నారు. విడదీయడానికి వెళ్ళాం. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఒక ఇటుక సూటిగా నా మొహానికే తగిలింది. అద్దం అడ్డంగా బీటలు వారింది. హెల్మెట్ మాత్రం ఉన్నచోటే ఉంది. నా ముక్కు మీద గీతైనా పడలేదు. గోడ చాటుకెళ్ళి ఏడ్చేశాను. భయం కాదు. ఆ రోజు అత్త పోట్లాటకి రాకపోతే ఈ కళ్ళు నాకు దక్కేవా అనిపించింది.

ఇంటికి తెచ్చి చూపించాను. అత్త ఆ బీట మీద వేలు రాసింది. చెంగుతో తుడిచి దేవుడి పటం ముందు పెట్టింది. తర్వాత కొన్నాళ్ళకి, మా సొంతూళ్ళో చుట్టాల పెళ్ళుందని రైలెక్కింది.

తిరిగొచ్చింది. నెత్తి మీద చెంగు తియ్యదు. మర్నాడు పొద్దున నాకు జడ వేస్తుంటే అది జారింది. నున్నటి గుండు.

"అత్తా! ఇదేటి?"

"సింహాచలం ఎల్లాను. ఆ టోపీ నీ నెత్తికెట్టిన నాడే అప్పన్నకి మొక్కీసినాను." చెంగు సర్దుకుంది. "నీకు గుండొద్దన్నాను కదే. మరెవుల్దో ఒకల్ది ఇవ్వాల గదా."

ఆవిడ చేతిలోంచి నూనె సీసా లాక్కుని, వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. ఆ గుండుకి రెండు చేతులా నూనె రాశాను.

"మెల్లిగా రాయే," అంది అత్త. "జుత్తు నేదిక్కడ. మొకం మీదికి కారతంది."