వంకర తీసిన గుల్లలు

తప్పులుంటే పెన్సిలుతో గీత పెట్టమని తమ్ముడు చెప్పి వెళ్లాడు. అసిరమ్మకి మొదటి తప్పు పదకొండో పేజీలో దొరికింది. అది అచ్చుతప్పు కాదు.

వచ్చే ఆదివారం తమ్ముడు పోలరాజుకి తెలుగు సంఘం వాళ్లు సన్మానం పెట్టుకున్నారు. ముప్పై నాలుగేళ్లు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి ఈ నెలాఖరుకి దిగిపోతున్నాడు. జలాంతర్గామి గుల్ల, అంటే దాని ఉక్కు ఒళ్లు, ఎంత లోతుకి వెళ్తే నలిగిపోతుందో లెక్క కట్టడం అతని పని. అది నలగకుండా నిలబెట్టే కొత్తరకం ఉక్కు కడియం, గుల్ల చుట్టూ తొడిగేది, ఒకటి కనిపెట్టి, పేటెంటు కూడా తెచ్చుకున్నాడు. ఆ కథంతా అతనే తెలుగులో రాసుకుంటే, సంఘం వాళ్లు చిన్న పుస్తకంగా వేస్తున్నారు. వాళ్లందరూ తెలుగు మాట్లాడేవాళ్లే గాని, చదవమంటే తల గోక్కుంటారు. చివరికి ఆ కాగితాలు అదే ఊళ్లో గోల్‌మురి పేటలో ఉన్న డెబ్బై మూడేళ్ల అక్క చేతికి వచ్చాయి.

అసిరమ్మ బడి మెట్టు ఎక్కింది లేదు. పెళ్లై విజయనగరం జిల్లా నుంచి ఉక్కు మిల్లుల ఊరు టాటానగర్‌కి వచ్చాక, తెలుగువాళ్ల కొట్టు సరుకుల పొట్లాలు విప్పి, ఆ తెలుగు కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని తనంత తాను నేర్చుకుంది. కష్టపడి నేర్చుకున్న చదువు కనక ఒక్క ముక్క వదలదు. అర్థం కానిచోట ఆగిపోతుంది, అర్థమయ్యేదాకా కదలదు. పదకొండో పేజీ దగ్గర అలాగే ఆగిపోయింది.

"పూర్తిగా గుండ్రంగా ఉన్న గుల్ల నీటి బరువుని బాగా ఓర్చుకుంటుంది. కొంచెం వంకర ఉన్నా, నీరు ఆ వంకర దగ్గరే పట్టుకుని నలిపేస్తుంది. చేత్తో చేసిన ప్రతి వస్తువుకీ వంకర ఉంటుంది. మా మోడళ్లు ఇరవై మూడింటికీ ఎంతెంత వంకర ఉందో నేనే స్వయంగా కొలిచి రాసుకున్నాను. అంత వంకర ఉన్నా, అలలా వంపులు తిరిగిన నా కడియం వాటిని లెక్క చెప్పినదానికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడిదాకా నిలబెట్టింది."

మూడుసార్లు చదివింది. మూడోసారికి పెన్సిలు కింద పెట్టేసింది.

ఆ మోడళ్లు చేసింది ఆమె పెనిమిటి సీతారాం. రేకుల ఫ్యాక్టరీలో ఫిట్టరు. పొద్దుటి ఎ షిఫ్టు దిగి రెండున్నరకి ఇంటికొచ్చి, అన్నం తిని, పెరటి షెడ్డులో పలచటి ఉక్కు రేకుని పాలక్యానంత గొట్టంగా చుట్టి, బయట కడియాలు తొడిగి అతికేవాడు. పోలరాజు సైకిలు మీద వచ్చి, గుల్లని తిప్పుతూ వంకర కొలిచే డయల్ గేజి ముల్లు ఎంత కదిలిందో నోటుబుక్కులో రాసుకునేవాడు. రెండు కొసలా మూతలు వేసి పంపమని చెప్పి వెళ్లేవాడు. తర్వాత కాలేజీలో దాన్ని ఇనప తొట్టిలో పెట్టి, చుట్టూ నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోయి, ఎక్కడ నలుగుతుందో చూసేవాడు.

కొలవడానికీ మూతలు వేయడానికీ మధ్య ఏం జరిగేదో ఇద్దరికే తెలుసు. వాళ్లలో ఒకరు పోయి పద్దెనిమిదేళ్లయింది.

"నా పనిలో వంకరుందని మీ తమ్ముడు అంకెలేసి మరీ రాసుకున్నాడే," అన్నాడు సీతారాం, మొట్టమొదటి మోడలు కొలిచిన రోజున.

"రాసుకోనీ. సదువుకున్నోడు, ఏదో ఒకటి రాసుకుంటాడు."

"మిల్లులో పెద్ద సాహెబు కూడా నా పని మీద ఏలు పెట్టి సూపించలేదు. బామ్మర్ది సూపించాడు. రా, దుంగ పట్టుకో."

లేతుమీద గుండ్రంగా తీసిన సాల్ చెక్క దుంగకి గుల్లని తొడిగేవాడు. అసిరమ్మ దుంగని మెల్లగా తిప్పేది. అతను కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి, ఎత్తున్నచోట గుడ్డ వేసి కొయ్యసుత్తితో తట్టేవాడు. ఒక్కో గుల్లకి నాలుగైదు మధ్యాహ్నాలు పట్టేవి. వేళ్లకి ఏమీ తగలకుండా పోయాక నవ్వి మూతలు అతికేసేవాడు.

"మరి ఆడికి సెప్పవా?"

"ఏటని సెప్పమంటావు? ముందు తప్పు సేసాను, తరవాత దిద్దుకున్నాననా? మళ్లీ కొలుత్తాడు కదా, అప్పుడే తెలుస్తాది."

పోలరాజు మళ్లీ కొలవలేదు. ఇరవై మూడు మోడళ్లలో ఒక్కటి కూడా.

ఆ పేజీ చదివిన మర్నాడు, శుక్రవారం పొద్దున్న, నవ్య వచ్చింది. టాటానగర్ రైల్వే కాలనీ పిల్ల. తండ్రి పాయింట్స్‌మన్. పోలరాజు దగ్గర పరిశోధన చేసిన చివరి విద్యార్థి. సముద్రం అడుగు చూడడానికి ముగ్గురు పట్టే చిన్న జలాంతర్గామిని ఒక సంస్థ వాళ్లు పోలరాజు కడియాలతో కట్టుకున్నారు. గుల్ల సంగతి చూసుకునే మనిషిగా అందులో నవ్య కూచుంటుంది. ఆ సాయంత్రమే ఆమెకి రైలు.

"అమ్మమ్మా, ఆవకాయ్ దేదో. అక్కడ మెస్‌లో సబ్ ఫీకా, ఉప్పూకారం ఉండవు."

అసిరమ్మ సీసా తుడుస్తూ అడిగింది. "ఎప్పుడు దిగుతారు నీళ్లలోకి?"

"బుధవారం. మౌసమ్ ఠీక్ రహా తో, గాలీవానా లేకపోతే. మొన్న ఖాళీదాన్ని సగం లోతుకి దించి తీశారు. ఇప్పుడు పూరా లోతుకి. ముగ్గురం."

"దానికి వంకరెంతుంది?"

నవ్య చేతిలో గ్లాసు కింద పెట్టింది. "నీకెవరు చెప్పారు వంకర గురించి? ఉంది, ఎంతో కొంత ఉంటుంది కదా. సార్ మోడళ్లకి ఎంతుందో అంతదాకా ఉండొచ్చని ఒప్పుకున్నారు. దీనికి దానికన్నా కొంచెం తక్కువే."

"ఆ మోడళ్లకి అంత వంకర నేకపోతే?"

"లేకపోతే ఏటి? ఉంది. సార్ అప్‌నే హాథ్ సే, తన చేత్తోనే కొలిచారు." నవ్య నవ్వింది. "అమ్మమ్మ నాకు వైవా పెడతంది. సార్‌కి చెప్పాలి."

గుమ్మం దగ్గర వంగి కాళ్లకి దండం పెట్టింది. అసిరమ్మ ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టింది గాని, పోయిరా అనే మాట నోట రాలేదు. ఈ గుమ్మంలోంచే పద్దెనిమిదేళ్ల కిందట సీతారాంని పోయిరా అని డ్యూటీకి పంపింది. మధ్యాహ్నానికి ఆస్పత్రి బండిలో తెచ్చారు. అప్పటినుంచి ఎవరు బయల్దేరినా ఆమె ఆ మాట అనదు. నవ్య సందు మలుపు తిరిగేదాకా చూసి, ఇంక కనిపించకపోయినా అక్కడే నిలబడింది.

ఆ రోజంతా తనతో తాను వాదించుకుంది. చెబితే తమ్ముడి బతుకంతా నీళ్లపాలు. పద్నాలుగేళ్ల వయసులో తమ దగ్గరికొచ్చి, వంటింటి మూల చదువుకుని, ఇంతవాడయ్యాడు. చెబితే పోయినాయన పేరు కూడా బజారున పడుతుంది. చెప్పకపోతే, ఏమో, ఏమీ కాకపోవచ్చు. తను చదివింది పప్పు పొట్లాల చదువు, అర్థం తప్పుగా తీసుకుందేమో. అలా అనుకున్న ప్రతిసారీ ఆవకాయ సీసా సంచిలో పెట్టుకుంటున్న పిల్ల చేతులు కళ్లముందు ఆడాయి.

శనివారం పొద్దున్నే ఆటో ఎక్కి అగ్రికోలో తమ్ముడి ఇంటికి వెళ్లింది.

పోలరాజు సన్మానానికి కట్టుకోవలసిన పంచె చూసుకుంటున్నాడు. "రా అప్పా. ఎన్ని తప్పులు పట్టావు? మీ మరదలు అంటంది, అప్ప చదివితే కామాలు కూడా వణుకుతాయని."

"ఒకటే దొరికింది," అని అసిరమ్మ కూచుంది. ఏమీ దాచకుండా, దుంగ దగ్గర్నుంచి గుడ్డ దాకా, కొయ్యసుత్తి దాకా చెప్పింది.

పోలరాజు మొదట నవ్వాడు. "ఒకటి రెండు తట్టుంటాడులే. ఫిట్టర్లకది అలవాటు."

"ఇరవై మూడూరా. దుంగ తిప్పింది నాను."

"నీకు గుర్తుండదప్పా. ఎన్నేళ్ల కిందటి మాట."

"నాకు మరుపొచ్చిందని నువ్వు అనుకుంటే నాను ఇంటికెల్లిపోతాను. ఆ పిల్ల మాత్రం బుధవారం నీళ్లలోకి దిగుతాది."

వంటింట్లోంచి మరదలు రత్నం చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "ఇన్నేళ్లూ నోట్లో ఏటి పెట్టుకున్నావు వదినా? రేపు సన్మానం పెట్టుకుని ఇయ్యాలా?"

"మంచిపనే సేత్తన్నాం అనుకున్నాను," అంది అసిరమ్మ.

పోలరాజు పంచె పక్కన పెట్టాడు. తర్వాత లేచి బీరువా పైనుంచి అట్టపెట్టె దించాడు. సీతారాం పోయాక, తొట్టిలో పెట్టకుండా, ఆ ఇరవై మూడింటి లెక్కలోకి రాకుండా మిగిలిపోయిన ఆఖరి మోడలు అందులో ఉంది. ఆ తర్వాత అతను మోడళ్లు చేయించలేదు. పాత అంకెల్నే కంప్యూటరుకి ఇచ్చి లెక్కలన్నీ దాంతోనే కట్టుకున్నాడు. డయల్ గేజి బల్లమీద బిగించాడు. నోటుబుక్కు తీసి పాత అంకె వేలితో పట్టుకున్నాడు. గుల్లని తిప్పాడు.

ముల్లు కదల్లేదు. ఇంకోచోట పెట్టి తిప్పాడు. వెంట్రుకవాసి వణికి ఆగింది. గేజి పాడైందేమోనని, రత్నంచేత స్టీలు గ్లాసు తెప్పించి పెట్టి చూశాడు. గ్లాసుకి ముల్లు గిర్రున తిరిగింది.

"ఇంత గుండ్రంగా..." అన్నాడు మెల్లగా. "అప్పా, మిషను మీద కూడా ఇంత గుండ్రంగా రాదు. నేను కడియం గొప్ప అనుకున్నాను. లెక్కకి మించి నిలబడినప్పుడల్లా ఇంటికొచ్చి, నా కడియం, నా కడియం అని గెంతాను. అది బావ చెయ్యి."

"మరి ఆ పెద్దది?"

"దాన్ని ఎవరు తడతారు? దానికి నిజంగానే వంకరుంది. సగం లోతుకి నలగకుండా ఆగింది. పూర్తి లోతుకి ఆగదు." నోటుబుక్కు మూసేశాడు. "ఆగదేమో కాదు. ఆగదు."

ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాడు. రెండుసార్లు అలా చేశాడు. అసిరమ్మ పైట కొంగు ముడి వేస్తూ విప్పుతూ కూచుంది. చెప్పవలసింది చెప్పేసింది. ఇక ఆమె చేతిలో ఏమీ లేదు. మూడోసారి అతను ఆ సంస్థ వాళ్ల నంబరు నొక్కాడు. మాట్లాడింది రెండు నిమిషాలే. "నా కొలతలు తప్పు. దించకండి. నేనే చెబుతున్నాను, కాగితం పంపిస్తాను." అవతలివాళ్లు ఏమన్నారో గాని, ఫోను పెట్టేసి, సన్మానం పంచె మడిచి బీరువాలో పెట్టేశాడు.

సన్మానం ఆగిపోయింది. ప్రొఫెసరు గారికి ఒంట్లో బాగోలేదని సంఘం వాళ్లు అందరికీ చెప్పుకున్నారు. ఆదివారం సాయంత్రం నవ్య ఫోను చేసింది. ముందు ఏడ్చింది, తర్వాత అంది. "దించడం ఆపేశారు. పాంచ్ సాల్ అమ్మమ్మా. నా ఐదేళ్లు. థీసిస్ కూడా ఆ అంకెల మీదే ఉంది. ఇప్పుడు నన్నెవరు నమ్ముతారు?"

"నువ్వున్నావు గదమ్మా," అంది అసిరమ్మ.

"ఉన్నాను. ఉండి క్యా కరూఁ? ఏం చెయ్యను?" ఫోను పెట్టేసింది.

సోమవారం పోలరాజు అక్కని పిలిపించాడు. దుంగ కొలత, గుడ్డ మందం, ఎన్ని రోజులు పట్టేదో ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాడు. తర్వాత కంప్యూటరు ముందు కూచుని ఇంగ్లీషులో ఉత్తరం కొట్టాడు. గడ్డం గీసుకోలేదు. రెండు రోజుల్లో పదేళ్లు మీదపడ్డట్టు కనిపించాడు.

"ఏటి రాసావో తెలుగులో సెప్పు," అంది అసిరమ్మ.

చదివి చెప్పాడు. "కొలిచిన తర్వాత మోడళ్లని మళ్లీ సాపు చేశారు. మూతలు వేసే ముందు నేను మళ్లీ కొలవలేదు. కాబట్టి నా పేటెంటుకి ఆధారమైన ఫలితాలు చెల్లవు. బాధ్యత పూర్తిగా నాది."

"ఎవరు సాపు సేసారని రాసావు?"

"ఎవరన్నది రాయలేదు. బావని ఇందులోకి లాగనప్పా. నువ్వు భయపడకు."

శుక్రవారంనుంచి ఆమె భయపడింది సరిగ్గా దానికే. ఇప్పుడు ఆ భయం తీరిందని చెబుతుంటే, ఆమెకి అది చాల్లేదు.

"అన్ని కాగితాలు అచ్చేయించావు గదా ఇంతకాలం. దేన్లోనన్నా మీ బావ పేరుందా?"

"లేదు. స్థానిక వర్క్‌షాపులో చేయించాం అని రాసేవాడిని. అప్పట్లో అలాగే రాసేవాళ్లం."

"ఇందులో రాయి."

"అప్పా, ఇది పొగడ్త కాగితం కాదు. తప్పు కాగితం. రేపు కమిటీ వేస్తారు. ఫిట్టరు మోసం చేశాడంటారు. అబద్ధం కొలతలు అంటారు. ఆ మాటల పక్కన ఆయన పేరుంటుంది. ఎప్పటికీ ఉంటుంది."

"అననీ. కళ్లు మూసుకుని అంత గుండ్రంగా తీసాడు. ఆ పని ఎవడో ఊరూ పేరూ లేనోడు సేసాడని రాస్తే నాను ఒప్పుకోను. నువ్వు రాయకపోతే, ఆ దుంగ తిప్పింది నానేనా అని నాకే అనుమానం వత్తాది."

"నీకు తెలియడం లేదు."

"తెలిసే సెప్తన్నాను. రాయి."

పోలరాజు ఆ పేరు కొట్టాడు. అసిరమ్మ కుర్చీ దగ్గరికి జరిగి వంగింది. ఆమెకి ఇంగ్లీషు అక్షరాలు రావు.

"ఏది?"

అతను తెరమీద వేలు పెట్టి చూపించాడు. ఆమె ఆ గీతల్ని తన చదువుతో కూడబలుక్కోవాలని చూసి, కుదరక, వాటి పొడవు మాత్రం చూసుకుంది.

"సిన్నగా ఉందేటిరా?"

"సీతారాం. అంతే కదా."

"ఇంటిపేరు కూడా వెయ్యి. ఈ ఊళ్లో సీతారాంలు సానామంది."

అతను అదీ కొట్టాడు. ఉత్తరం పంపించాడు. కుర్చీలోంచి లేచి, అక్క వైపు చూడకుండా లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.