తిమ్మప్ప బొటనవేలు

పవిత్ర చదువుతున్నది బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్. సుగటూరులో మాత్రం దాని పేరు శవాల చదువు. ఎవరింట్లో కోడి చచ్చినా, "అమ్మీ, ఇది ఎట్ల చచ్చిందో చూసి చెప్పు" అని పిలిచేవాళ్లు. అది ఆ పిల్లకు అలవాటైపోయింది. ఇప్పుడు వచ్చిపడిన కష్టం వేరు. సోమవారానికల్లా పదిమందివి, ఒక్కొక్కరివి పదేసి వేళ్ల ముద్రలతో రికార్డు ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు, ఏడాది పోతుంది. ఏడాది పోతే చదువు మాన్పించి పట్టుపురుగులకు ఆకు వేయిస్తానని నాన్న బచ్చప్ప ముందే చెప్పేశాడు.

శనివారం పొద్దున్నే ఇంకు, రోలరు పట్టుకుని బయలుదేరింది. ఊరు ఊరంతా చేతులు వెనక్కి దాచుకుంది. డెయిరీ దగ్గర ఓబలప్ప అయితే పాలక్యాను వదిలేసి ఒకటే పరుగు.

"వేలు వేస్తే చేను పోతాదమ్మా! యాడ పోయిందో బాయికాడి మడి, మీ తాతనే అడుగు!"

ఈ భయాన్ని ఊరికి అంటించిన పెద్దమనిషి ఆమె సొంత తాత తిమ్మప్పే. ముప్పై ఏళ్ల కిందట అన్నదమ్ముల పంపకంలో బావి దగ్గరి మడి తమ్ముడు పిల్లప్పకు పోయింది. పత్రంలో తన పేరు పక్కనున్న ముద్ర తనది కాదని, తమ్ముడే అక్కడ తన సొంత వేలు అద్ది మోసం చేశాడని తాత వాదన. ఎదురింట్లోనే ఉన్న తమ్ముడితో అప్పటినుంచి మాటల్లేవు. పంతం కొద్దీ యాభై దాటాక సంతకం నేర్చుకుని, పాలచీటీ మీద కూడా పేరంతా చెక్కుతూ కూర్చునేవాడు మహానుభావుడు.

"లోకంలో ఏ ఇద్దరి వేలిముద్రలూ ఒకేలా ఉండవు తాతా, ఇంక నిన్నెవరు మోసం చేస్తారు?" అని బతిమాలింది పవిత్ర.

ఆ మాటకు ముసలాయన కళ్లు మెరిశాయి. ట్రంకుపెట్టె తెరిచి పాత పత్రం తెచ్చాడు.

"అట్లయితే వాడి దొంగతనం తేల్చు. తేల్చినావంటే ఊరందర్నీ నేనే ఈడ్చుకొచ్చి వేళ్లు అద్దిస్తా. ఇంగ నీ రికార్డు నా పూచీ."

క్షణంలో అరుగు చుట్టూ జనం చేరారు. తాత ఎడమ బొటనవేలు ఒక్కటి మాత్రం, పెళ్లికొడుకులా మురిసిపోతూ అద్దాడు. పవిత్ర భూతద్దం పెట్టి పత్రంలో ముద్ర చూసింది, తాత ముద్ర చూసింది. మళ్లీ చూసింది. సుడి ఒకటే. ఇక్కడ గీత చీలిన చోటల్లా అక్కడా చీలింది. ముద్ర తాతదే.

కాదని ఒక్క మాట అంటే చాలు, రికార్డు నిండిపోతుంది. ఆ ఊళ్లో ఆమె మాట తప్పని అనగలిగిన మొనగాడెవడూ లేడు. పవిత్రకు ఏడుపొచ్చింది. ఈ పాడు చదువు ఎందుకు చేరానురా దేవుడా అనుకుంది.

"తాతా, ఇది నీ వేలే."

తిమ్మప్ప పత్రం లాక్కుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"సరిగ్గా చూసినావా?"

"మూడుసార్లు చూసినాను."

తిమ్మప్ప పత్రం మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆ పొద్దు బాగా తాగినాను. ఏం చేసినానో నాకే తెలీదు," అన్నాడు. "అది చెప్పుకోను సిగ్గయి వాణ్ని దొంగను చేసినాను. థూ, నా బతుకూ ఒక బతుకే!"

"మరి నా రికార్డు?" అంది పవిత్ర ముక్కు చీదుకుంటూ.

ఆయన మిగతా తొమ్మిది వేళ్లూ చాపాడు. అద్దడం అయ్యాక పంచెకు చేతులు తుడుచుకుని లేచాడు.

"పిల్లప్పింట్లో ఎంతమంది ఉండారు?"

"తొమ్మిదిమంది."

"పద. వాడు నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టి అయిపోయినాక, నువ్వు ఇంకు తియ్యి."