క్యాలెండర్లో టోపీ పిల్ల

పెనుకొండ బస్టాండు రోడ్డులో ఫోటో స్టూడియో పెట్టుకున్న ఆంజనేయులికి తన చేతిపని మీద కొంచెం కాదు, బాగానే గర్వం. ఆ గర్వం బతికున్నవాళ్ల ఫోటోల వల్ల వచ్చింది కాదు, పోయినవాళ్ల ఫోటోల వల్ల వచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరైనా కాలం చేస్తే, ఇంటివాళ్లు ఏ పెళ్లిలోనో తీసిన గ్రూపు ఫోటో పట్టుకొచ్చి, "ఈ మూలనుండే ఆయన్ని ఒక్కణ్ణే తీసి పెద్దది చేసియ్యప్పా" అనేవాళ్లు. ఆంజనేయులు చుట్టూ ఉన్న జనాన్నంతా చెరిపేసి, ఆ ఒక్క మొగాన్ని పెద్దది చేసి, సన్న బ్రష్షుతో దిద్దేవాడు. మూసుకున్న కళ్లు తెరిపించేవాడు. పుట్టి బుద్ధెరిగి చొక్కాకు గుండీలు పెట్టుకోనివాడికి కూడా కోటు తొడిగి పంపేవాడు. పని నీటుగా ఉండేది మరి, అబద్ధమెందుకు.

తొంభై తొమ్మిదిలో, ఒక శుక్రవారం పొద్దున, రొద్దం పక్క పల్లె నుంచి మారెమ్మ వచ్చింది. కూలికి పోయే మనిషి. చంకలో చుట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా అరచేతులతో అదిమింది. అది ధర్మవరం పట్టుచీరల అంగడివాళ్లు పంచిన క్యాలెండరు. నెలల కాగితాలు ఎప్పుడో చిరిగిపోయాయి, బొమ్మ మాత్రం మిగిలింది. పెద్ద చెట్ల కింద తోట. తోట నిండా జనం. పొడుగు గౌన్ల ఆడవాళ్లు, టోపీల మగవాళ్లు, కొందరు జంటలుగా నాట్యమాడుతున్నారు, కొందరు బల్లల చుట్టూ గ్లాసులు పెట్టుకుని కబుర్లాడుతున్నారు. ఆకుల సందుల్లోంచి ఎండ అందరి మీదా మచ్చలు మచ్చలుగా పడుతోంది. ముందువైపు బెంచీ మీద ఒక పిల్ల, టోపీ పెట్టుకుని, ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టు కూర్చుంది. మొగం బొటనవేలి గోరంత ఉంది.

"ఈ పిల్లని ఒక్కదాన్నే తీసియ్యన్నా" అంది మారెమ్మ. "టోపీ తీసేసి జడ ఎయ్యి. ఓణీ పచ్చది. బొట్టు వద్దు, మేము చర్చికి ప్రార్థనకు పొయ్యేవాళ్లం."

ఆంజనేయులు కళ్లజోడు సవరించుకుని కింద సన్న అచ్చులో ఉన్న ఇంగ్లీషును కూడబలుక్కున్నాడు. "ఇది ఫోటో కాదు మ్మా. ఫ్రాన్సు దేశంలో ఎవురో రంగులతో ఏసిన బొమ్మ. ఆదివారం పూట జనమంతా ఒకచోట చేరినారు, అంతే. నూరేండ్ల పైమాటే. వీళ్లల్లో ఒక్కరు కూడా ఇప్పుడు లేరు."

"నా బిడ్డా లేదు కదన్నా" అంది ఆమె.

 ఆంజనేయులు స్టూలు లాగి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు, నిలబడే చెప్పింది. బిడ్డ పేరు స్వప్న. ధర్మవరంలో పట్టునూలు చుట్టే పనికి పోయేది. అంగడిలో ఈ క్యాలెండరు చూసి తోటి ఆడపిల్లలు, "ఇదేమే, నువ్వు ఈడ కూర్చోనుండావు" అని ఏడిపించారట. స్వప్న దాన్ని అడిగి ఇంటికి తెచ్చుకుని, "చూడుమా, నేను దొరసాని" అని గోడకు తగిలించింది. పోయినేడు జ్వరమొచ్చి, హిందూపురం ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది.

"ఒక్క ఫోటో కూడా లేదా?"

"పదో తరగతిలో గ్రూపు ఫోటో తీసినారు. ఆ పొద్దు నేనే దాన్ని చెనక్కాయ పీకను తోలుకపోయినా." మారెమ్మ క్యాలెండరు మూలను మళ్లీ అరచేత్తో అదిమింది. "అది పోయినప్పుడు చర్చిలో ఆదరణ కూడికలో ఫోటో లేక వట్టి కుర్చీకి దండేసినారన్నా. ఎల్లుండికి ఏడాది. కుర్చీ పోతే పోనీ. దాని మొగం నాకు మరుపొస్తాండాది. గొంతు ఇనపడతాది, నడక గుర్తుండాది, మొగం కాడికొచ్చేసరికి ఏమీ లేదు. ఈ బొమ్మ చూస్తేనే మళ్లా వస్తాది. ఇది గూడా పాతబడి చినిగిపోతే నేనేం చేసేది?"

ఆ మాటకే వద్దు తల్లీ, బొమ్మ జాగ్రత్తగా పటం కట్టిస్తాను, ఇంటికి పో అని ఉంటే ఎంత బాగుండేది. అనలేదు. అంతమంది పోయినవాళ్లకు కళ్లు తెరిపించినవాడు, ఒక ఆడపిల్లకు జడ వెయ్యలేనని ఎట్లా అంటాడు?

క్యాలెండరును గోడకు పిన్నులు గుచ్చి, కెమెరా దగ్గరికి జరిపి తీశాడు. మధ్యాహ్నానికి నెగటివ్ ఆరింది. చీకటి గదిలో కాగితాన్ని మందునీళ్లలో ముంచి, మొగం తేలేదాకా చూశాడు. మొగం తేలలేదు. మరకలు తేలాయి. ఫోకస్ తప్పిందేమోనని మళ్లీ తీశాడు. మూడోసారీ అంతే. అనుమానమొచ్చి భూతద్దం పెట్టి అసలు బొమ్మనే చూశాడు. ఓరి వీడిల్లు బంగారం గానూ! ఆ వేసిన మహానుభావుడు కన్ను వెయ్యలేదు, ఒక నల్ల చుక్క పెట్టి ఊరుకున్నాడు. ముక్కు లేదు, ఎండ మచ్చ ఉంది. నోరంటే ఒక ఎర్ర గీత. అంత జనంలో కూర్చుని ఉంటేనే అది ఆడపిల్ల. విడదీసి దగ్గరికి తెచ్చుకుంటే వట్టి రంగు.

"పరవాలేదు మ్మా, నేను దిద్దుతా. నువ్వు చెప్పు" అని తడి కాగితం ఆరబెట్టి బ్రష్షు తీశాడు. "కండ్లు పెద్దవా, చిన్నవా?"

"బాగుంటాయన్నా."

"పెద్దవా?"

"మామూలుగా ఉంటాయి."

మామూలు కళ్లు వేశాడు. ఎవరో పిల్ల వచ్చింది. మారెమ్మ వంగి చూసి, "ఇది కాదు" అంది. చెరిపి బుగ్గలు నింపాడు. ఇది కాదు. మూడోసారి గడ్డం కిందికి దించాడు.  ఆమె బల్ల మీది భూతద్దం తీసుకుని గోడ దగ్గరికి వెళ్లి, క్యాలెండర్లోని పిల్లను అతను చూసినట్టే చాలాసేపు చూసింది. అద్దం పక్కన పెట్టి మామూలు కళ్లతో చూసింది. వాకిలిదాకా వెనక్కి నడిచి అక్కణ్ణించి చూసింది.

"అన్నా" అంది. "పొద్దున ఉన్నెది. ఇప్పుడు కనపళ్లేదు. చుక్కలే కనపడతాండాయి."

ఆంజనేయులు బ్రష్షు బల్ల మీద పెట్టేశాడు.  ఆమెకు మిగిలిన ఒక్కదాన్ని తన చేతుల్తోనే పోగొట్టాడు, దాన్ని తిరిగి తెచ్చే పనితనం తన దగ్గర లేదు.

"కొంచేపు కండ్లు మూసుకోని మళ్లా చూడు మ్మా."

ఆమె మూసుకుంది. మళ్లీ చూసింది. తల అడ్డంగా ఊపింది. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టి ఉంటే అతనికి కొంచెం తేలికయ్యేది.

"నువ్వు పొద్దున్నించీ దాన్నే చూస్తాండావు కదన్నా. ఎట్లుండాదో చెప్పు."

స్వప్నను ఆంజనేయులు పుట్టి ఎరగడు. ఏం చెప్పాలి? ఎవరి ఇంట్లోనైనా ఆడపిల్లను చూస్తే లోకమంతా అనే మాటే నోటికొచ్చింది. "నీ పోలికే మ్మా. అంతా నీ పోలికే."

మారెమ్మ అతని మొగంలోకి చూసింది.

"లేదన్నా" అంది మెల్లగా. "దానికి నా పోలిక రాలే. అది మటుకు గుర్తుండాది."